మూడు వేళ్ల ఇటుక

నేలమట్టిని తన చేతులతో పిసికి మనిషిని చేసిన దేవునికి స్తోత్రం. ఆ మట్టిలోకి ఊదిన ఊపిరిని డెబ్బై దాటిన నా ఒంట్లో ఇంకా ఆడనిస్తున్నందుకు స్తోత్రం. ఐగుప్తులో బానిసలై ఇటుకలు చేసినవారి మొర విన్న దేవుడు వర్జీనియాలో ఇటుకలు చేసినవారి మొర కూడా విన్నాడని నేను నమ్ముతాను. ఆ ఇటుకల మధ్యనే ఇన్నేళ్లు నా చేత పని చేయించి, ఇంత అన్నం పెట్టినందుకు ఆయనకు మరీ మరీ స్తోత్రం.

నేను పాత కట్టడాలు బాగుచేసే ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యాను. పాతవి అంటే ఇంగ్లండు నుంచి వచ్చినవాళ్లు అమెరికాలో స్థిరపడ్డప్పటి నుంచి ఇక్కడి అంతర్యుద్ధం ముగిసేదాకా కట్టినవి. మేముండేది వర్జీనియాలోనే, షాంటిలీ ఊళ్లో. మా తెలుగు సంఘం ఒక స్కూల్ హాల్లో కూడుకుంటుంది. అక్కడి పిల్లల్లో ఇద్దరు ఈమధ్య ఇదే పనిలో చేరి, కూడిక అయ్యాక భోజనాల దగ్గర నన్ను పట్టుకున్నారు. "ఆంటీ, మేం ఫస్ట్ ఏం నేర్చుకోవాలి?" అన్నారు. చేతిలో పులిహోర గరిటె ఉంది, వెనక లైను ఉంది. అప్పుడు చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను. లైసెన్సు పరీక్షల గురించీ ప్రమోషన్ల గురించీ చెప్పేవాళ్లు మీకు చాలామంది దొరుకుతారు. నేను గోడల గురించి, వాటి పక్కన నిలబడ్డ మనుషుల గురించి చెబుతాను.

హార్లన్ నేర్పినవి, నేర్పనివి

నా మొదటి బాస్ హార్లన్. పొడుగాటి మనిషి, నోరు మంచిది కాదు, దేవుడంటే పడదు. నేను టిఫిన్ డబ్బా తెరిచి కళ్లు మూసుకుంటే, "నీ దేవుణ్ణి వాన ఆపమని కూడా అడుగు, పునాది తడుస్తోంది" అనేవాడు. అయినా నాకు తెలిసిన పనిలో సగం ఆయన పెట్టిన భిక్షే.

గోడ దగ్గరికి వెళ్లగానే మాట్లాడకూడదని ఆయన నియమం. ముందు అరచేయి ఆనించాలి. వాన పడ్డ మర్నాడు మళ్లీ వచ్చి ఆనించాలి. ఎక్కడ చల్లగా ఉందో, ఎక్కడ పొడిగా ఉందో తెలిసేదాకా నోరు తెరవకూడదు. మోషే కాలంలో ఇంటి గోడకు మచ్చ పడితే యాజకుడు వచ్చి చూసేవాడు, ఇల్లు వారంపాటు మూసి ఉంచేవాడు, మళ్లీ చూసి పాడైన రాళ్లు మాత్రమే తీయించేవాడు. నేను ఆ సంగతి చెబితే హార్లన్, "మీ యాజకుడికి పని తెలుసు" అన్నాడు. దేవుని గురించి ఆయన నోట నేను విన్న మంచి మాట అదొక్కటే.

మీకు ముఖ్యంగా తెలియాల్సింది ఒకటుంది. ఆ కాలపు ఇటుక మెత్తనిది. దాని మధ్య పెట్టిన సున్నం ఇంకా మెత్తనిది. గోడలోకి చేరిన తడి ఆ సున్నం గుండా బయటికి పోతుంది. అరిగేది సున్నం, నిలిచేది ఇటుక. కొన్నేళ్లకొకసారి ఆ సందుల్లో కొత్త సున్నం పెట్టుకుంటే గోడ తరతరాలు ఉంటుంది. బలంగా ఉండాలని సిమెంటు పెడితేనో, తడి తగలకూడదని ప్లాస్టిక్ లాంటి పెయింట్ వేస్తేనో లోపలి తడి లోపలే ఉండిపోతుంది. చలికాలంలో అది గడ్డకట్టి ఉబ్బి, ఇటుక ముఖం బిళ్లలు బిళ్లలుగా ఊడిపోతుంది. పాత గోడల్ని నిర్లక్ష్యం చంపిన దానికన్నా, మంచి మనసుతో చేసిన రిపేర్లు ఎక్కువ చంపాయి. నేను చూసినంతలో ఇది నిజం.

హార్లన్ నేర్పనిది కూడా చెప్పాలి. పొగాకు పండించి ధనవంతుడైన ఒక దొర ఇల్లు బాగుచేస్తున్నప్పుడు, బయట బోర్డు మీద "ఫలానావారు కట్టించిన ఇల్లు" అని రాయించాడు. ఇటుకలు ఎవరు చేశారని అడిగాను.

"సొంతదారుడు చేయించాడు."

"చేసిందెవరు?"

"రత్నా, ఈ దేశంలో నువ్వడిగే ఆ ప్రశ్నకు అన్ని ఇళ్ల దగ్గరా ఒకటే జవాబు. బోర్డు మీద చోటు చాలదు."

జవాబు ఆయనకు తెలుసు. బానిసలుగా ఉన్న మనుషులు అడుసు తొక్కారు, అచ్చులు పోశారు. ఆ పచ్చి ఇటుకల్ని ఎండలో తిప్పే పని వాళ్ల పిల్లలది. అందుకే కొన్ని ఇటుకల మీద చిన్న చిన్న వేళ్ల గుంటలు కనబడతాయి. వాటిని నాకు మొదట చూపించింది కూడా హార్లనే, టార్చిలైటు ఏటవాలుగా పట్టి. చూపించాడు, ఏమీ అనలేదు, పక్క గోడ దగ్గరికి వెళ్లిపోయాడు. ఆయన చేతుల నుంచి నేర్చుకోండి. ఆయన మౌనాన్ని మాత్రం నేర్చుకోకండి.

పైకి చదివే సంఘం

నేను రిటైరయ్యేముందు చేసిన చివరి పెద్ద పని ఒక చిన్న గుడి. షాంటిలీ నుంచి పడమటగా కారులో వెళ్తే షాపులు అయిపోయి గుర్రాల పొలాలు మొదలయ్యేచోట, రోడ్డు పక్కనే ఉంటుంది. అంతర్యుద్ధానికి ముందు బానిసలుగా ఉన్న నల్లవారు, పగలంతా దొర పని చేసి, మిగిలిన పొద్దులో తమకోసం కట్టుకున్న ప్రార్థనా మందిరం అది. యుద్ధంలో ఉత్తరాదివాళ్ల సైన్యం, దక్షిణాదివాళ్ల సైన్యం రెండూ ఆ దారినే నడిచాయి. చలికి గుడిసెల్లో పొయ్యిగూళ్లు కట్టుకోవడానికి సైనికులు వెనక గోడ ఇటుకలు పీక్కుపోయారు. యుద్ధం అయ్యాక, బానిసత్వం నుంచి విడుదలైన జనం ఆ విడిది మైదానాల్లో తిరిగి, తమ ఇటుకలు తామే ఏరి తెచ్చుకుని మళ్లీ పేర్చుకున్నారు. వాళ్ల మునిమనవలే ఇప్పటి సంఘం. చాలామంది ముసలివాళ్లే.

ఆ గుడి ఉత్తరపు గోడ ఉబ్బింది. కౌంటీ, అంటే ఇక్కడి జిల్లా, ఆఫీసరు వచ్చి తలుపుకు నోటీసు అంటించాడు. గోడ ఎందుకు పాడైందో, ఎలా నిలుస్తుందో ఇంజనీరు రాసివ్వాలి. లేకపోతే చలికాలానికి ముందే కూల్చేయాలి. అలా నన్ను పిలిచారు.

అరచేయి ఆనించగానే నాకు తెలిసిపోయింది. గోడంతా దళసరి తెల్ల పెయింట్, వాన నీళ్లు లోపలికి పోనివ్వని రకం. ఒక మూల గోరుతో లాగితే తొక్కలా వచ్చింది. దాని వెనక ఇటుకపొడి తడితడిగా జారింది.

"ఈ పెయింట్ ఎవరు వేశారు?" అని నా పక్కనున్న డీకన్ ఎల్డ్రిడ్జ్‌ని అడిగాను. డీకన్ అంటే సంఘపరిచారకుడు. ఎనభై దాటినా ఇస్త్రీ చొక్కా, గుడి తాళాలు ఆయన దగ్గరే.

ఆయన మొహం వెలిగింది. "నేనే, సిస్టర్ రత్నా. పూర్వం ఏటా హోమ్‌కమింగ్ పండక్కి ముందు అందరం కలిసి సున్నం కొట్టేవాళ్లం. ఒక ఏడు మా అక్క ఒడెస్సా నిచ్చెన మీంచి పడి తుంటి విరగ్గొట్టుకుంది. ఇంకెవరూ పడకూడదని షాపులో దొరికినదాంట్లోకెల్లా గట్టి పెయింట్ తెచ్చి వేశాను. ఇరవై ఏళ్లు గ్యారంటీ అన్నాడు షాపువాడు. ప్రతి వసంతానికీ నేనే కడుగుతాను. చూడండి, ఎంత తెల్లగా ఉందో."

హోమ్‌కమింగ్ అంటే దూరాలకు వెళ్లినవాళ్లంతా ఏడాదికొకసారి తమ సంఘానికి తిరిగొచ్చే ఆదివారం. మా తెనాలి వైపు క్రిస్మస్‌కి ముందు మందిరానికి సున్నం కొట్టినట్టే వీళ్లకు దానికి ముందు సున్నం. ఆ ఆచారం ఆగిన చోటే గోడ జబ్బుపడింది. ఆపింది ఎవరో, ఎందుకో ఇప్పుడు విన్నాను.

ఇంటికొచ్చి మావారు శామ్యూల్‌తో చెప్పాను.

"ఆయన పేరు రిపోర్ట్‌లో రాయాలేంటి? 'వేయబడిన పెయింట్ వలన' అని రాసెయ్. వేసింది ఎవరైతేనేం."

"వాళ్ల సంఘంలో అందరికీ తెలుసండీ ఎవరేశారో."

"తెలిస్తే తెలియనీ. నీ నోటితో చెప్పక్కర్లేదుగా."

"చెప్పాలి. వాళ్లు ఏ కాగితమైనా పైకి చదివించుకుంటారు."

అది వాళ్ల కట్టుబాటు. వాళ్ల పెద్దలకు చదువు నేర్పడం నేరమైన కాలం ఒకటుండేది. విడుదల వచ్చాక, అక్షరం వచ్చినవాళ్లు రానివాళ్లకోసం ప్రతి కాగితాన్నీ సంఘం ముందు నిలబడి పైకి చదవాలని పెట్టుకున్నారు. ఇప్పుడు అందరికీ చదువొచ్చినా ఆ అలవాటు పోలేదు. సంఘానికి సంబంధించిన ఏ ముక్కా ఒకరి జేబులో ఉండిపోకూడదు. రాసినవాళ్లు దగ్గరుంటే వాళ్లే చదవాలి.

శామ్యూల్ కాఫీ కప్పు కింద పెట్టారు. "అయితే ముందు ఆయనింటికి వెళ్లు. ఆదివారం అందరి మధ్యన వినేకన్నా ఇవాళ ఒక్కడూ వినడం నయం."

ఈ పనిలోకి వచ్చే పిల్లలకు ఇదే చెబుతాను. చెడు కబురు పైకి చదవాల్సి వచ్చినప్పుడు, ఆ కబురు ఎవరికి ఎక్కువ నొప్పో వాళ్లింటి తలుపు ముందు తట్టండి.

వరండాలో, ఆ తర్వాత ఆదివారం

డీకన్ వరండాలో కూర్చుని చేపల గాలానికి దారం చుడుతున్నారు. అక్క ఒడెస్సా లోపల టీవీ ముందు ఉంది. నేను పక్క కుర్చీలో కూర్చుని, మనసులో ప్రార్థించుకుని, సూటిగానే చెప్పాను. పెయింట్ తడిని లోపల బంధించిందని. చలికాలాల్లో ఇటుకల్ని అదే పగలగొట్టిందని.

దారం చుట్టడం ఆగింది. "ఎప్పట్నుంచి?"

"వేసిన మొదటి చలికాలం నుంచే అయ్యుంటుంది."

"నేను ప్రతి ఏడూ పైపుతో కడిగేవాణ్ణి."

"తెలుసు."

"ఆ నీళ్లు కూడానా?"

నేను తలూపాను. పగుళ్లలోంచి దిగిన ఆ నీళ్లకు బయటికి దారి లేదు. ఆయన గాలం పక్కన పెట్టారు. "సైన్యాలు వచ్చి సగం గోడ పట్టుకుపోయినా నిలబడింది. నా చేతుల్లో పడిపోతోందన్నమాట."

"పడిపోదు, డీకన్. పెయింట్ తీసి, ఎండనిచ్చి, చెడిపోయిన ఇటుకలే మార్చి సున్నం పెడితే నిలుస్తుంది. కానీ పెయింటే కారణమని సంఘమంతా ఒప్పుకోవాలి. లేకపోతే ఇంకొకరు మళ్లీ ప్రేమగా అదే డబ్బా తెస్తారు."

"చదవండి. ఒక్క ముక్క తగ్గించొద్దు" అన్నారు.

ఆదివారం ఆరాధన అయ్యాక, గుడి బయట చెట్ల కింద మడత కుర్చీలు వేసుకుని అందరూ కూర్చున్నారు. నేను నిలబడి చదివాను. పెయింట్ అనే మాట దగ్గరికి రాగానే ముందు వరసలో డీకన్ లేచారు.

"ఆ పెయింట్ తెచ్చింది నేను. వేయించింది నేను. ఎవరూ వేరే పేరు వెతకొద్దు" అని కూర్చున్నారు.

చేతికర్ర నేలకు తట్టిన చప్పుడైంది. ఒడెస్సా. "ఎల్డ్రిడ్జ్, నేను పడకపోతే నువ్వు ఆ డబ్బాలు తెచ్చేవాడివా?"

"లేదక్కా."

"నన్ను నిచ్చెన ఎక్కొద్దని నువ్వు చెప్పావా, లేదా?"

"చెప్పాను."

"విన్నానా?"

"నువ్వు ఎప్పుడు విన్నావు?"

వెనక ఎవరో నవ్వారు. ఒడెస్సా నా వైపు తిరిగింది. "సిస్టర్, ఆ కాగితంలో నా తుంటి కూడా రాసుకోండి. మిగతాది చదవండి."

గోడ నిలబెట్టాలని ఆ రోజే తీర్మానించారు. కౌంటీ కూడా ఒప్పుకుంది. నేను సంతోషంగా ఇంటికొచ్చాను. పని అయిపోయిందనుకున్నాను. మన వృత్తిలో ఇది మామూలు పొరపాటు. గోడ సంగతి తేలగానే మనుషుల సంగతి కూడా తేలిపోయిందనుకుంటాం. తర్వాతి ఆదివారం డీకన్ గుడి తాళాలు పాస్టరు చేతికిచ్చి, వెనక వరసలోకి వెళ్లి కూర్చున్నారు. ప్రార్థన చేయమంటే తల అడ్డంగా ఊపారు. ఎండాకాలమంతా ఆ గోడ దగ్గరికి రాలేదు. గోడ ఆరుతోంది, ఆయన ఎండిపోతున్నారు. ఒడెస్సా నాకు ఫోన్ చేసి, "గోడకు వైద్యం నేర్చుకున్నావు, మా తమ్ముడికి ఏమైనా ఉందా?" అని అడిగింది. నా దగ్గర లేదు. ప్రార్థించాను.

ఇటుక

పెయింట్‌ను పేస్టుతో నానబెట్టి, చెక్క గరిటెలతో ఒలిచాం. మెషీనుతో ఇసుక చిమ్మి కొట్టి ఊడగొడితే త్వరగా అయిపోతుంది, ఇటుక కూడా పోతుంది. ఎవరెంత తొందరపెట్టినా ఆ పని చేయకండి. పెయింట్ కింద పూర్వపు సున్నం పొరలు, వాటి కింద ఎర్ర ఇటుక. కట్టిన తరం తర్వాత ఆ ఇటుకను నగ్నంగా చూసినవాళ్లం మేమే.

గోడకు కింది వరసల్లో, మోకాలి ఎత్తున, ఒక ఇటుక మీద చిన్న చేతి గుర్తు కనబడింది. ఆడపిల్లదో మగపిల్లవాడిదో. మూడు వేళ్ల గుంటలు స్పష్టంగా ఉన్నాయి. నాలుగోది ఉండాల్సిన చోట ఇటుక ముఖం బిళ్లగా ఊడిపోయింది. పెయింట్ చేసిన పనే.

కబురు పాకి సంఘమంతా వచ్చింది. ఒక్కొక్కరే వంగి చూశారు. డీకన్ కూడా వచ్చారు, చివరన. ఆయన చూసింది మూడు వేళ్లను కాదు. ఊడిపోయిన చోటునే చూస్తూ నిలబడ్డారు.

నా వృత్తి బుద్ధి ప్రకారం నేను ఒక సలహా ఇచ్చాను. ఆ ఇటుకను జాగ్రత్తగా తీసి, గుడి లోపల అద్దాల పెట్టెలో పెడదామన్నాను. ఒక మ్యూజియం వాళ్లు కూడా అడుగుతున్నారని చెప్పాను.

"అద్దాల పెట్టెలో ఎందుకు?" అంది ఒడెస్సా.

"వానకీ మంచుకీ చెడిపోకుండా. అందరూ చూడ్డానికి."

"ఆ పిల్ల జీవితమంతా ఎవరో ఒకరు కాపలా కాస్తూ చూస్తూనే ఉండుంటారమ్మా. ఇప్పుడు కూడానా?"

అప్పుడు వెనక నుంచి డీకన్ గొంతు వినబడింది. నెలల తర్వాత ఆయన సంఘంలో నోరు తెరవడం అదే.

"ఆ బిడ్డ చేసిన ఇటుకలన్నీ దొర ఇంటికే పోయుంటాయి. మన గోడకు వచ్చింది ఇది. దీన్ని ఇక్కణ్ణుంచి తీయొద్దు." నా వైపు తిరిగి అడిగారు, "సున్నం వేస్తే ఆ గుర్తు మూసుకుపోతుందా?"

"పలుచగా వేస్తే గుంటలు తెలుస్తూనే ఉంటాయి. సున్నమే దాన్ని కాపాడుతుంది కూడా. కాకపోతే అది అరిగిపోతుంది, ఏటా వేయాలి."

"అంటే ఏటా ఎవరో ఒకరు దాని ముందు మోకాళ్లూనాలి."

"అవును."

"నేను ఊనుతాను" అన్నారు.

మన చదువు మనకు దాచిపెట్టడం నేర్పుతుంది. కొన్ని వస్తువులకు అది అవసరమే. కానీ ఏటా చేతులు తాకడమే కొన్నింటికి ప్రాణం. ఏది ఏదో తేల్చుకునేముందు ఆ గోడ ఎవరిదో వాళ్లనడగండి. నేను అడక్కుండా సలహా ఇచ్చాను. వాళ్లు దయగలవాళ్లు కనుక నన్ను కోప్పడలేదు.

హోమ్‌కమింగ్

గోడ సిద్ధమయ్యాక, పండక్కి ముందు శనివారం సున్నం కొట్టే పని పెట్టుకున్నారు. వాళ్లలో ముసలివాళ్లే ఎక్కువ కనుక మా తెలుగు సంఘం నుంచి కొందరం వెళ్లాం. నానబెట్టిన సున్నం పీపాలు చూసి కరీంనగర్ విజయ చీర కొంగు దోపింది.

"అక్కా, క్రిస్మస్‌కి మా ఇంట్ల గిట్లనే ఏస్తుండె. గీళ్లకు గూడ ఇదే పండుగనా?"

"గ్లవ్స్ వేసుకో విజయా, చేతులు కాలతాయి."

"మా అమ్మ ఏడ ఏసుకున్నది గ్లవ్స్" అంటూనే వేసుకుంది.

నిచ్చెనలు మావాళ్లెక్కారు. ఒడెస్సా కుర్చీలో కూర్చుని, ఎవరు ఎక్కడ వదిలేశారో కర్రతో చూపిస్తూ అందర్నీ తిట్టింది. శామ్యూల్‌ని రెండుసార్లు ఎక్కువ తిట్టింది.

ఆ కింది ఇటుకను మాత్రం ఎవరూ ముట్టలేదు. డీకన్ మెల్లగా నడిచొచ్చారు. శామ్యూలూ నేనూ చెరో రెక్కా పట్టుకుంటే గడ్డిలో మోకాళ్లూనారు. కుంచె ముంచి, అంచులు పిండి, ముందు మూడు వేళ్లమీద ఒక్కసారి పలుచగా లాగారు. తర్వాత కుంచె పక్కన పెట్టి, గ్లవ్ తీసి, తడి వేలితో ఊడిపోయిన ఆ నాలుగో చోట సున్నం రాశారు. చాలాసేపు రాశారు, పసిబిడ్డకు నూనె రాసినట్టు.

"కాలుతుంది డీకన్" అన్నాను.

"కాలనివ్వండి" అన్నారు.

తడి సున్నం వేసినప్పుడు తెల్లగా కనబడదు. నీళ్లు చల్లినట్టు ఇటుక ఎర్రగానే ఉంటుంది. మావాళ్లలో ఒకరు, సరిగా పట్టలేదేమో, ఇంకో పూత వేద్దామా అన్నారు. ఆగమన్నాను. ఆయన మోకాళ్లమీదే ఉన్నారు. లేవలేకపోతున్నారనుకుని ఒకరు చేయి చాపితే ఒడెస్సా కర్ర అడ్డం పెట్టింది. పెదవులు కదులుతున్నాయి. ఎండాకాలమంతా రాని ప్రార్థన వస్తోంది. మొదట లోలోపల, తర్వాత పైకి. ఆ బిడ్డ పేరు తనకు తెలియదని, దేవునికి తెలుసని చెప్పారు. తన తప్పు చెప్పారు. కృతజ్ఞత చెప్పారు. మేమందరం చేతుల్లో కుంచెలతోనే తలలు వంచాం. ఆయన ఆమెన్ అని కళ్లు తెరిచేసరికి గోడ ఆరుతోంది. కింది నుంచి పైకి, నెమ్మదిగా తెల్లబడుతోంది.

ఇది చదువుతున్న మీరు ఏ మందిరంలో కూడుకునేవాళ్లయినా, ఇక్కడ ఒక్క నిమిషం నాతో ఆగండి. ఆ గోడ ఈ చలికాలం కూడా ఊపిరి తీసుకుంటూ నిలవాలని నాతో కలిసి అడగండి. డీకన్ ఎల్డ్రిడ్జ్ మోకాళ్లు బాగా అరిగాయి. వచ్చే పండక్కి కూడా ఆయన ఆ ఇటుక ముందు వాటిని ఊనగలగాలని అడగండి. ప్రేమతో పొరపాటు చేసి, ఆ బరువుతో ఎక్కడో వెనక వరసలో కూర్చున్నవాళ్లు మీకు తెలిసే ఉంటారు. వాళ్ల పేరు మీ నోటితో దేవుని దగ్గర చెప్పండి. నేను కూడా చెబుతున్నాను. తండ్రీ, ఆలకించు.